లెక్క అడిగిన న్యాయవాది: ఫెర్డినాండు పెకోరా చరిత్రము

ఇట్టి వార్షిక సంచికలలో సామాన్యముగ మన పెద్దల చరిత్రములను, సంఘమునకు భూములిచ్చి, సత్రములు కట్టించి, విద్యార్థి వసతిగృహములకు నిధులొసంగిన దాతల చరిత్రములను చదువుచుందుము. అది ఉచితమే. కాని ఒకరి సొమ్ము నమ్మకముపై మరియొకరి చేతికి వచ్చినపుడు ఆ సొమ్మునకు లెక్క అడుగువాడు సైతము దాతతో సమానుడని తలంచి, ఈ మారు సముద్రముల కావల నివసించిన యొక న్యాయవాది చరిత్రమును పాఠకమహాశయుల సన్నిధిని ఉంచుచున్నాను. ఆయన పేరు ఫెర్డినాండు పెకోరా. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1933, 1934 సంవత్సరములందు జగత్ప్రసిద్ధులగు సాహుకార్లను సెనేటు కమిటీ యెదుట ప్రమాణము చేయించి కూర్చుండబెట్టి, వారి ఖాతాపుస్తకముల మర్మమును వారి నోటనే చెప్పించినవాడు ఈయనయే.

పెకోరా ఇటలీదేశమునకు చెందిన సిసిలీద్వీపమున నికోసియా యను పట్టణమునందు 1882వ సంవత్సరము జనవరి 6వ తేదీన జన్మించెను. తండ్రి పాదరక్షలు కుట్టి జీవించువాడు. బాలుడు నాలుగైదేండ్ల ప్రాయమున నుండగా కుటుంబము పొట్ట చేతబట్టుకొని న్యూయార్కు చేరెను. ఆ నగరమున చెల్సీ యను పేటలో, ఇరుకు గదులలో, ఆయన పెరిగెను. ఆ కాలమున ఇటలీనుండి వలసవచ్చినవారనిన అచ్చటి పాతకాపులకు చిన్నచూపు. కూలికి, మట్టిపనికి వారు పనికివత్తురే గాని, పాలనకును, న్యాయస్థానములకును తగుదురని యెవ్వరును తలంపలేదు. పెకోరాకు మొదట మతగురువు కావలెనని కోరిక యుండెను. అందులకై కొంతకాలము చదివెను. ఇంతలో తండ్రి ప్రమాదమున గాయపడి పనికి దూరము కాగా, ఇల్లు గడుపవలసిన భారము కుమారునిపై పడెను. చదువు మానుకొని న్యాయవాదుల కార్యాలయమున గుమాస్తాగ చేరి, జీతమునకు పనిచేయుచునే న్యూయార్కు న్యాయకళాశాలలో చదివి, 1911లో ప్లీడరు పట్టా పొందెను.

1912 ఎన్నికలలో ఆయన థియొడోరు రూజ్వెల్టు స్థాపించిన ప్రగతిపక్షమునకు పనిచేసెను. తరువాత డెమొక్రాటిక్ పక్షమున చేరెను. 1918లో న్యూయార్కు జిల్లా ప్రభుత్వ న్యాయవాది కార్యాలయమున సహాయకుడుగ నియమింపబడి, నాలుగేండ్లలో ముఖ్య సహాయకుడయ్యెను. అచ్చట పండ్రెండేండ్లు పనిచేసెను. ఆ దినములలో న్యూయార్కు వీధులలో ఒక విధమగు దుకాణములుండెడివి. ప్రజలు వాటాలు కొనుటకు సొమ్ము చెల్లింతురు; దుకాణదారు వాటాలు కొనకయే కొన్నట్లు రసీదు వ్రాసియిచ్చి, సొమ్మును తన పెట్టెలో వేసికొనును. ధర పడినచో లాభము వానిది. ధర పెరిగినచో దుకాణము రాత్రికి రాత్రి మూతబడును. ఇట్టి జూదపు దుకాణములను నూటికి పైగా పెకోరా మూయించెను. దొంగ లెక్కకును నిజమైన లెక్కకును భేదమును కాగితముపై పట్టుకొను విద్య ఆయనకు అచ్చటనే అలవడినది. 1929లో ప్రభుత్వ న్యాయవాది పదవికి ఆయన తగినవాడని పై యధికారియే తలంచినను, పక్షపు పెద్దలు టిక్కెట్టును మరియొకరి కిచ్చిరి. పెకోరా ఆ కార్యాలయమును విడిచి స్వంతముగ ప్లీడరీ చేసికొనసాగెను. రాజకీయములందలి తిరస్కారము ఒక్కొకప్పుడు లోకమునకు మేలగును. నాడు ఆ పదవి లభించియుండినచో ఆయన పేరు నేడు మన చెవిని బడియుండదు.

ఆయన చేసిన మహాకార్యము బోధపడవలెనన్న నాటి బ్యాంకుల స్థితిని కొంత వివరింపవలెను. బ్యాంకు వ్యవహారమున రెండు తెరువులున్నవి. ప్రజలు దాచుకొన్న సొమ్మును పదిలపరచి, తగిన హామీలపై వర్తకులకు అప్పులిచ్చుట ఒకటి. కంపెనీల వాటాలను, ప్రభుత్వముల ఋణపత్రములను టోకున కొని ప్రజలకు చిల్లరగ అమ్ముట రెండవది. మొదటిదానికి జాగ్రత్త ప్రధానము. రెండవదానికి ఉత్సాహము ప్రధానము. ఈ రెండును ఒక్క కప్పు క్రింద చేరినచో, డిపాజిటుదారునకు మంచి సలహా చెప్పవలసిన గుమాస్తాయే వానికి సరకు అంటగట్టువాడగును. అమెరికాలో జాతీయబ్యాంకుల చట్టము రెండవ వ్యాపారమునకు తావియ్యలేదు. కాని 1911లో న్యూయార్కునందలి నేషనల్ సిటీ బ్యాంకు వారు నేషనల్ సిటీ కంపెనీ యను పేర ఒక అనుబంధసంస్థను నెలకొల్పిరి. బ్యాంకు వాటాదారులే కంపెనీకిని వాటాదారులు. చేయి ఒక్కటే, తొడుగు మాత్రము వేరు. ప్రభుత్వ సొలిసిటరు జనరలుగ నుండిన ఫ్రెడరికు లేమను ఈ ఏర్పాటు చట్టవిరుద్ధమని అదే సంవత్సరమున అభిప్రాయము వ్రాసి యిచ్చెను. ప్రభుత్వము దానిని అమలు జరుపలేదు, ప్రజలకు తెలియనీయనులేదు. ఆ కాగితము ఇరువదేండ్లకు పైగా దస్తరములలో నిద్రించెను. తక్కిన పెద్ద బ్యాంకులు అదే త్రోవ పట్టినవి. 1927లో మాక్ఫాడెను చట్టము ఋణపత్రముల వ్యాపారమునకు బ్యాంకులకు మరికొంత స్వేచ్ఛ నొసంగెను. కట్టు సడలుట ఒక్కనాటిలో జరుగలేదు. ఒకరు చూచియు చూడనట్లుండిరి. మరియొకరు చట్టమునే వంచిరి.

1929 అక్టోబరులో షేర్ల బజారు కూలెను. 1930 మొదలు 1933 వరకు ఆ దేశమున సుమారు 9,000 బ్యాంకులు మూతబడెను. సొమ్ము దాచుకొన్నవారి తొందర యెట్టిదో మన చెన్నపురి రాజధాని ప్రజలకు చెప్పనక్కరలేదు. 1906 అక్టోబరులో ఆర్బత్నాటు కంపెనీ దివాలా తీసినపుడు, ఆ దొరల పేరును నమ్మి దాచిన విధవల సొమ్ము, ఉద్యోగుల సొమ్ము ఒక్కదినమున మాయమైపోయిన వృత్తాంతమును మన పెద్దలు చిరకాలము చెప్పుకొనిరి. అమెరికాలో అదే దుఃఖము వేల ఊళ్లలో జరిగెను.

ప్రజల గగ్గోలు హెచ్చగా, 1932 మార్చిలో సెనేటువారు షేర్ల బజారు వ్యవహారములను విచారింప తమ బ్యాంకింగు కమిటీకి అధికారమిచ్చిరి. నాటి అధ్యక్షుడు హూవరు, ధరలు పడగొట్టి లాభించు జూదరులే ఈ యనర్థమునకు మూలమని యనుమానించుచుండెను. కాని విచారణ మందముగ సాగెను. న్యాయవాదులు ఒకరి తరువాత నొకరు వచ్చి పోయిరి. పెద్ద సాహుకార్లు కమిటీకి వచ్చి ఉపన్యాసములు చేసి, సెనేటరులకు పాఠములు చెప్పి వెడలిపోయిరి. కమిటీ గడువు 1933 మార్చి 4తో ముగియనుండెను. అధ్యక్షుడుగ నుండిన సౌత్ డకోటా సెనేటరు పీటరు నార్బెక్కు, మిగిలిన కొలది వారములలో నివేదిక వ్రాసిపెట్టుటకు ఒక న్యాయవాది దొరకిన చాలునని వెదకి, జనవరిలో పెకోరాను పిలిపించెను. జీతము నెలకు 255 డాలర్లు. న్యూయార్కు న్యాయవాదులు ఆ మొత్తమును ఒక్క పూట ఫీజుగ తీసికొనెడివారు. పెకోరా ఒప్పుకొనెను. కాని పాతకాగితములను చదివిచూచి, వీనితో నివేదిక వ్రాయుట యనిన నీటిపై వ్రాయుటయే యని గ్రహించి, మరి కొన్నిదినములు సాక్షులను పిలుచుటకు అనుమతి కోరెను.

ఆయన పద్ధతి మిక్కిలి సామాన్యమైనది. సెనేటు సమనులతో బ్యాంకు తలుపు తట్టి, డైరెక్టర్ల సమావేశముల మినిట్సు పుస్తకములను, జాబులను, జమాఖర్చులను తెప్పించి, కొద్దిమంది సహాయకులతో రాత్రులు చదివెడివాడు. మరునాడు సాక్షి పీఠమెక్కగనే అభిప్రాయములు అడుగడు, అంకెలు అడుగును. కంఠము హెచ్చింపడు. సాక్షి మరచితిననినచో కాగితము చేతికిచ్చును. గొప్పవారు గొప్పవారితో మాటలాడుట కలవాటుపడియుందురు. నూరుమార్లు ఓర్పుతో అదే ప్రశ్నను అడుగు గుమాస్తాబిడ్డతో మాటలాడు అలవాటు వారికుండదు. ఆయన బలమంతయు అందే యున్నదని నాకు తోచును.

ఫిబ్రవరి 21వ తేదీన నేషనల్ సిటీ బ్యాంకు చైర్మను చార్లెసు మిచెల్లు సాక్ష్యమునకు వచ్చెను. ఆయన సామాన్యుడు కాడు. 1929 మార్చిలో ఫెడరల్ రిజర్వువారు జూదమునకు అప్పులియ్యవద్దని హెచ్చరించుచుండగా, తమ బ్యాంకు రెండున్నర కోట్ల డాలర్లు బజారులో విడుదల చేయునని బహిరంగముగ ప్రకటించిన ధైర్యశాలి. విశేషమేమనగా, నాడు ఆయనయే న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకునకు ఒక డైరెక్టరు. కావలివాడే కన్నము వేయువానికి దీపము పట్టినట్లున్నదని సెనేటరు కార్టరు గ్లాసు ఆయన రాజీనామా కోరెను గాని, ఎవ్వరును వినలేదు.

పెకోరా మొదట జీతమును గూర్చి అడిగెను. జీతము 25,000 డాలర్లని చెప్పినపిదప, లాభములలో భాగమను పేర 1929లో మిచెల్లునకు ముట్టినది పదిలక్షల డాలర్లకు మించియుండెనని తేలెను. అంతటి ఆదాయమునకు ఆ సంవత్సరము ఆదాయపుపన్ను ఎంత కట్టెనని విచారింపగా ఏమియు కట్టలేదని బయల్పడెను. 18,300 బ్యాంకువాటాలను తన భార్యకు అమ్మినట్లు వ్రాసి, ఆ యమ్మకమున 28 లక్షల డాలర్ల నష్టము వచ్చినదని చూపి, పన్ను తప్పించుకొనెను. తరువాత అవే వాటాలను తిరిగి కొనెను. వాకిటి ధాన్యము పెరటిలోనికి మార్చి పంట పోయినదని శిస్తు మాఫీ కోరిన భూస్వామి కథ మనకు నవ్వు తెప్పించును. అమెరికాలో పనిలేక రొట్టెకై బారులు తీరి నిలిచినవారికి మాత్రము ఇది నవ్వు తెప్పింపలేదు.

అంతకంటెను ఘోరమైనవి ఇతర వ్యవహారములు. 1927, 1928 సంవత్సరములలో ఆ కంపెనీవారు పెరూదేశపు ఋణపత్రములను 9 కోట్ల డాలర్ల మేరకు ప్రజలకమ్మిరి. ఆ దేశము పూర్వపు అప్పులు సరిగా తీర్చలేదనియు, దానికి అప్పిచ్చుట అపాయమనియు తమ ప్రతినిధులు వ్రాసిన జాబులు బ్యాంకు దస్తరములలోనే యుండెను. కొనువారికి ఆ మాట చెప్పలేదు. 1931లో పెరూ చెల్లింపులు ఆపివేసెను. నూరు డాలర్ల పత్రము అయిదు డాలర్లకైన పోని స్థితి వచ్చెను. క్యూబాదేశపు చక్కెరతోటలపై బ్యాంకు ఇచ్చిన అప్పులు రానిబాకీలు కాగా, 1927లో వాటాదారులనుండి 5 కోట్ల డాలర్ల క్రొత్తమూలధనము వసూలుచేసి, అందు సగము కంపెనీ ద్వారా త్రిప్పి, ఆ రానిబాకీలను బ్యాంకు పుస్తకములనుండి తొలగించిరి. సొమ్మిచ్చిన వాటాదారులకు ఆ సంగతి తెలియదు.

బజారు కూలినపుడు బ్యాంకు పైయధికారులకు జూదపునష్టములు పూడ్చుకొనుటకై 24 లక్షల డాలర్లు వడ్డిలేకుండ అప్పుగ ఇచ్చిరి. అందు బహుస్వల్పభాగమే తిరిగివచ్చెను. క్రింది గుమాస్తాల సంగతి వేరు. బ్యాంకువాటాలను రెండువందల డాలర్లకు పైధరకు వారిచేత కొనిపించి, ఆ ధర అయిదవవంతునకు దిగజారిన పిదపను, నెలనెలా జీతములనుండి వాయిదాలు కోసికొనుచుండిరి. పెన్సిల్వేనియా రాష్ట్రమునకు చెందిన రోగపీడితుడగు ఒక గృహస్థు కూడ సాక్ష్యమిచ్చెను. ఆయనకు లక్షడాలర్ల ఆస్తి యుండెను. కంపెనీ గుమాస్తాల మాట నమ్మి ఋణపత్రములు, అప్పుపై మరికొన్ని ఋణపత్రములు, చివరకు బ్యాంకువాటాలు కొనెను. అమ్మివేయవలెనని వెళ్లినపుడు గుమాస్తాలందరు చుట్టును మూగి వద్దని త్రిప్పిపంపిరి. చివరకు ఆయనకు మిగిలినది ఏమియు లేదు. మిచెల్లు ఇచ్చిన లెక్కలకంటె ఈ సామాన్యుని కథ దేశమును ఎక్కువ కదల్చినదని చెప్పవచ్చును. విచారణ మొదలైన వారమునకే మిచెల్లు పదవికి రాజీనామా నిచ్చెను.

అదే దినములలో దేశమందలి బ్యాంకులు వరుసగ తలుపులు మూయుచుండెను. ఫిబ్రవరి 14న మిషిగను రాష్ట్రమున బ్యాంకులకు సెలవు ప్రకటించిరి. మార్చి 4న ఫ్రాంక్లిను రూజ్వెల్టు అధ్యక్షపదవి స్వీకరించునాటికి దాదాపు అన్ని రాష్ట్రములలోను బ్యాంకులు పూర్తిగనో, పాక్షికముగనో మూతబడియుండెను. మార్చి 6న దేశమంతట బ్యాంకులకు సెలవు ప్రకటించి, 9వ తేదీన అత్యవసరచట్టము చేసి, నిలువగలవని తేలిన బ్యాంకులను క్రమముగ తెరిపించిరి. సాహుకార్లను ఇట్టి సమయమున సాక్షిపీఠమెక్కించుట మండుచున్న ఇంటిపై నూనె పోయుటయే యని కొందరు పెద్దలు ఆక్షేపించిరి. ఈ ఆక్షేపణ అన్ని దేశములలోను, అన్ని కష్టకాలములలోను వినబడునదే. బాగుగ నున్నపుడు అడుగుట అసూయ. చెడినపుడు అడుగుట ద్రోహము. మరి యెన్నడు అడుగవలెను? క్రొత్త చైర్మను ఫ్లారిడా సెనేటరు డంకను ఫ్లెచరు పెకోరాను కొనసాగించెను. సెనేటు కమిటీ యధికారములను విస్తరించెను.

మే 23వ తేదీన జె. పి. మోర్గను సాక్ష్యమునకు వచ్చెను. ఆ గృహము స్వంతబ్యాంకు. ప్రభుత్వ తనిఖీ లేదు, జమాఖర్చు ప్రకటన లేదు. రాజ్యములకు అప్పులిచ్చు ఆ గృహపు పుస్తకములను పరాయివాడు తెరచిచూచుట అపూర్వము. మోర్గనును, ఆయన ఇరువదిమంది భాగస్వాములును 1931, 1932 సంవత్సరములకు ఆదాయపుపన్ను ఏమియు కట్టలేదని తేలెను. వాటాల ధర పడిపోయినందున కలిగిన నష్టములను చూపుటచే ఇది చట్టమునకు లోబడియే జరిగినదని కూడ చెప్పవలయును. పెకోరా ఈ అంశమును పత్రికలకు రుచించునట్లు ప్రదర్శించెనని విమర్శించినవారు కలరు. ఆ విమర్శలో కొంత సత్యము లేకపోలేదు. బ్యాంకుల సంస్కరణకై పోరాడిన కార్టరు గ్లాసే ఆ విచారణలో పెకోరాపై పలుమార్లు కోపించి, అడ్డు తగిలెను. జూను 1న ఒక సర్కసు ప్రచారకుడు వామనాకృతి గల స్త్రీని మోర్గను ఒడిలో కూర్చుండబెట్టగా ఆ చిత్రము లోకమంతట వ్యాపించెను. ఇందులో పెకోరా ప్రమేయము లేదు. అది సెనేటు గౌరవమునకు తగినది కాదు.

ఆ విచారణలో అన్నిటికంటె విలువగలది ఒక పట్టిక. 1929లో అలెఘనీ కార్పొరేషను వాటాలను మోర్గను గృహమువారు బజారులో 35 డాలర్ల ప్రాంతమున పలుకుచుండగా, తమకు ఇష్టులగువారికి 20 డాలర్లకే యిచ్చిరి. ఇట్లే మరికొన్ని కంపెనీల వాటాలనుకూడ పంచిపెట్టిరి. ఎవరెవరికి ముట్టినవో పేర్ల పట్టికను పెకోరా బయటికి తీసెను. అందు మాజీ అధ్యక్షుడు కాల్విను కూలిడ్జి కలడు. రెండు పక్షముల ముఖ్యులు కలరు. 1929లో వ్యాపారియై యుండి, విచారణనాటికి రూజ్వెల్టు ప్రభుత్వమున ఆర్థికమంత్రియైన విలియము వుడిను కలడు. అన్నిటిని మించి, విచారణ జరుపుచున్న ఆ కమిటీలోనే సభ్యుడుగ కూర్చుండియున్న సెనేటరు మాకడూ పేరు కూడ కలదు. వీరెవ్వరును చట్టమును మీరలేదు. వాటాలకు సొమ్ము చెల్లించియే కొనిరి. కాని చట్టములు చేయువారును, బొక్కసమును కాచువారును ఎవరి దయవలన లాభపడిరో అట్టివారిని గట్టిగ లెక్కలడుగుదురా? బ్యాంకులను అదుపులో నుంచవలసినవారు ఇరువదేండ్లు ఏల మౌనముగ నుండిరో ఆ పట్టికను చూచినవారికి వేరుగ వివరింపనక్కరలేకపోయెను. తన పక్షమువారి పేర్లే యున్నను పెకోరా దానిని దాచకపోవుట గమనింపదగినది.

అక్టోబరులో చేస్ నేషనల్ బ్యాంకు అధిపతిగ నుండిన ఆల్బర్టు విగ్గిను వంతు వచ్చెను. 1929 అక్టోబరు 24న బజారును నిలువబెట్టుటకై మోర్గను కార్యాలయమున కూడిన పెద్దలలో ఆయన యొకడు. లోకము ఆయనను రక్షకుడని కొనియాడుచుండగా, అదే సెప్టెంబరు మొదలు డిసెంబరు వరకు తన బ్యాంకువాటాలనే, ధర పడునను ఎదురుచూపుతో, తన కుటుంబ కంపెనీల పేర ముందుగ అమ్మి, పడినపిదప తక్కువకు సంపాదించి అప్పగించి, 40 లక్షల డాలర్లు లాభమార్జించెను. ఆ బేరమునకు పెట్టుబడి సమకూర్చినది కూడ చేస్ బ్యాంకే. తన ఓడ మునుగునని పందెము కట్టిన ఓడనాయకుని మనము పురాణములలోనైన చూడలేదు. ఏటేట లక్షడాలర్ల జీవితకాలపు పింఛను ఆయనకు మంజూరైయుండెను. విషయము బయటపడగా దానిని వదలుకొనెను.

ఈ సాక్ష్యములు వెలువడుచుండగనే చట్టములు వచ్చెను. 1933 మే 27న వాటాలమ్మువారు నిజములు వెల్లడింపవలెనను చట్టము. జూను 16న గ్లాసు, స్టీగలు అనువారి పేర ప్రసిద్ధమైన బ్యాంకింగు చట్టము. డిపాజిట్ల వ్యాపారమును, వాటాల వ్యాపారమును ఈ చట్టము వేరుచేసెను. డిపాజిట్లకు ప్రభుత్వపు బీమా కల్పించెను. 1934 జనవరి 1 నుండి ఒక్కొక్కరికి 2,500 డాలర్లవరకు ఆ బీమా అమలయ్యెను. మోర్గను గృహమువారు డిపాజిట్లనే యుంచుకొనగా, కొందరు భాగస్వాములు వేరుపడి 1935లో మోర్గను స్టాన్లీ సంస్థను స్థాపించిరి. 1934 జూను 6న షేర్ల బజారులకు చట్టము వచ్చెను. కంపెనీ యధికారులు తమ కంపెనీవాటాలనే విగ్గినువలె ముందుగ అమ్ముటను అది నిషేధించెను. షేర్ల బజారు అధ్యక్షుడు రిచర్డు విట్నీ ఈ చట్టమును తీవ్రముగ ఎదిరించి, తమ బజారు తన్నుతాను సరిదిద్దుకొనగలదని వాదించెను. 1938లో ఆయనయే ఇతరుల సొమ్మును అపహరించిన నేరమునకు కారాగారమునకు పోయెను.

విచారణలో బయటపడిన ఘరానాలకు ఏమి శిక్ష పడెనని పాఠకులడుగవచ్చును. పన్ను ఎగవేతకై మిచెల్లుపై నేరము మోపిరి. జ్యూరీవారు 1933 జూనులో నిర్దోషి యనిరి. పిదప ప్రభుత్వము సివిలు దావాలో గెలిచి సొమ్ము రాబట్టెను. విగ్గినునకు చెర లేదు. మోర్గనునకు నేరమే లేదు. మన చెన్నపురి కథ దీనికి తలక్రిందులు. సర్ జార్జి ఆర్బత్నాటునకు 18 నెలల కఠినశిక్ష పడెను. కాని ఈ దేశమున బ్యాంకులకు సమగ్రమగు ప్రత్యేకశాసనము 1949 వరకు రాలేదు. ఒకచోట మనిషి శిక్షింపబడి చట్టము ఆలస్యమయ్యెను. మరియొకచోట చట్టము వచ్చి మనుషులు తప్పుకొనిరి. సొమ్ము పోయినవానికి ఈ రెంటిలో ఏది మేలో పాఠకులే నిర్ణయింతురుగాక. పెకోరా మాత్రము చట్టమునే కోరెను. వ్యక్తులు మారిపోదురనియు, తలుపు తెరచియున్నంతకాలము మరియొకరు లోపలికి వత్తురనియు ఆయన నమ్మకము.

ఆయన స్వంత భాగ్యము అంత గొప్పగ సాగలేదు. విచారణ నడుచుచుండగనే 1933 నవంబరులో ప్రభుత్వ న్యాయవాది పదవికి పోటీచేసి ఓడెను. పనిలో నుండి పోటీకి దిగుట ఆయన శత్రువులకు మాట యిచ్చినది. 1934 జూలైలో షేర్ల వ్యవహారములను కనిపెట్టు క్రొత్త కమిషనులో సభ్యత్వమిచ్చిరి. అధ్యక్షస్థానము తనకు దక్కునని ఆయన ఆశించెను. రూజ్వెల్టు దానిని స్వయముగ షేర్ల బజారులో ఆరితేరిన జోసెఫు కెనెడీకి ఇచ్చి, పెకోరాకు ఒక్క సంవత్సరపు గడువు గల సభ్యత్వముతో సరిపుచ్చెను. 1935 జనవరిలో ఆయన ఆ పదవిని విడిచి న్యూయార్కు రాష్ట్ర సుప్రీముకోర్టు న్యాయమూర్తియై, 1950 వరకు ఆ పీఠము నలంకరించెను. 1939లో తన విచారణానుభవములను గ్రంథముగ ప్రకటించెను. 1950లో నగర మేయరు పదవికి పోటీచేసి ఓడి, తిరిగి ప్లీడరీలో ప్రవేశించెను. 1971 డిసెంబరు 7న తన 89వ యేట స్వర్గస్థుడయ్యెను.

ఆయన కృషి ఫలములలో ఒకటి మన యింటివరకు వచ్చినది. 1960లో కేరళమందలి పాలై సెంట్రల్ బ్యాంకు మూతబడిన పిదప, భారతప్రభుత్వము 1961లో చట్టము చేసి, 1962 జనవరి 1 నుండి డిపాజిట్లకు బీమా ఏర్పరచెను. అమెరికా తరువాత దేశవ్యాప్తముగ ఇట్టి ఏర్పాటు చేసిన దేశము భారతదేశమే. మొదట 1,500 రూపాయలవరకే యుండిన ఆ బీమా 2020లో 5 లక్షల రూపాయలయ్యెను. సంఘపు నిధి సొమ్ము బ్యాంకులో నుంచిన మన కోశాధికారులు, ఈ హద్దును ఒకమారు లెక్కించి చూచుకొనుట మంచిది.

అమెరికాలో మాత్రము గోడ నిలువలేదు. 1970 తరువాత అచ్చటి బ్యాంకులు ఆ చట్టమును కొంచెము కొంచెముగ సడలింపజేసికొనుచు వచ్చెను. 1998 ఏప్రిలులో, నేషనల్ సిటీ బ్యాంకు వారసురాలైన సిటీకార్పు సంస్థ, బీమా, వాటాల వ్యాపారములు గల ట్రావెలర్సు సంస్థతో కలియుదునని ప్రకటించెను. ఆ కలయికను నిలుపు చట్టము అప్పటికి లేదు. వియ్యము ముందు, ముహూర్తము తరువాత. 1999 నవంబరు 12న అధ్యక్షుడు క్లింటను సంతకముతో ఆ చట్టము వచ్చి, గ్లాసు, స్టీగలుల గోడలోని ముఖ్యభాగములు తొలగెను. ఆ చర్చలు నడచిన కాలమున ఆర్థికమంత్రిగ నుండి జూలైలో పదవి విడిచిన రాబర్టు రూబిను, అక్టోబరునాటికి సిటీ గ్రూపులోనే ఉన్నతస్థానమున చేరెను. పెకోరా బయటపెట్టిన పట్టిక జ్ఞప్తికి రాకమానదు.

2008 సెప్టెంబరు 15న లేమను బ్రదర్సు దివాలా తీసెను; అందుండి పుట్టిన సంక్షోభమున సిటీ గ్రూపును నిలుపుటకు ప్రభుత్వము 4,500 కోట్ల డాలర్లు వెచ్చింపవలసివచ్చెను. గోడ తొలగించుటయే సర్వానర్థములకు కారణమని చెప్పుట న్యాయము కాదు. లేమను సంస్థ డిపాజిట్లు పుచ్చుకొను బ్యాంకు కాదు. ఆ గోడ నిలిచియున్నను అది కూలియుండెడిదని వాదించువారు కలరు. ఇండ్ల తాకట్టు అప్పులను కట్టలుగ కట్టి అమ్ముట ఆనాటి రోగమునకు ముఖ్యమూలము. కాని తమ పుస్తకములలో నేమున్నదో కొనువారికి చెప్పక అమ్ముటయను వ్యవహారము 1927నాటి పెరూ ఋణపత్రములకంటె భిన్నము కాదు.

అపుడు అమెరికా నాయకులు మరియొక పెకోరా కావలెనని కోరిరి. 2009 మేనెలలో చట్టము చేసి పదిమంది సభ్యులతో ఒక విచారణసంఘమును నియమించిరి. ఆరుగురు ఒక పక్షమువారు, నలుగురు రెండవ పక్షమువారు. వారు నూర్లకొలది సాక్షులను విచారించిరి. సమనులు పంపు అధికారము వారికిని ఉండెను. అయినను 1933లోవలె సెనేటు కమిటీయే, ఒక్క న్యాయవాది చేతికి పగ్గములిచ్చి, దినదినము పత్రికల యెదుట సాక్షిని కూర్చుండబెట్టి, ఒక ప్రశ్నపై నిలిచియుండు ఏర్పాటు ఈ మారు లేదు. సంస్కరణచట్టము 2010 జూలైలో సంతకమయ్యెను. విచారణసంఘపు నివేదిక 2011 జనవరిలో వెలువడెను. దానికి పదిమందిలో ఆరుగురే సమ్మతించిరి.